వైజాగ్‌లో శనివారం రాత్రి: పబ్బుకి 7,352, చేపలకి 360

కోపం చల్లారకముందే రాసేస్తున్నా, ఇంకో రెండ్రోజులాగితే పోన్లే అనిపిస్తుంది నాకు, అదే నా జబ్బు.

మాది రాజమండ్రి, అత్తారిది గాజువాక. ఏడాదికి మూడు నాలుగు సార్లు వైజాగ్ వెళ్తాం, వెళ్లిన ప్రతిసారీ సింహాచలం, కైలాసగిరి, ఆర్కే బీచ్, ఇంటికొచ్చి అత్తగారి చేతి పులుసు, అంతే. ఈసారి మా బావమరిది హైదరాబాద్ నుంచి వస్తూ ఆఫీసు ఫ్రెండుని వెంటేసుకొచ్చాడు. కరీంనగర్ కుర్రాడు, సముద్రం చూడ్డం ఇదే మొదటిసారి. అతనికి వైజాగ్ నైట్ లైఫ్ చూపించాలని మావాడి పంతం. "బావా, నువ్వూ అక్కా కూడా రండి, పిల్లాణ్ని అమ్మ చూసుకుంటది" అని రెండ్రోజులు ఒకటే బతిమాలాడు. నేను తెగ సంబరపడ్డాను. మమ్మల్ని పిలిచింది ప్రేమతో కాదు, జంట లేకపోతే వాళ్లిద్దర్నీ లోపలికి రానివ్వరని, అది గేటు దగ్గరకెళ్లాక గానీ తెలీలేదు.

శుక్రవారం రాత్రి గురించి చెప్పడానికేం లేదు, ఎందుకంటే అది బాగా జరిగింది. మగాళ్లం ముగ్గురం దొండపర్తి వైపు ఒక పాతకాలం ఏసీ బార్‌కి వెళ్లాం, గోడలకి అద్దాలు, ఎర్ర రెగ్జిన్ సీట్లు, పెద్దాయన సర్వరు. శనగలు, పుచ్చకాయ ముక్కలు అడక్కుండానే తెచ్చి పెడుతున్నాడు, స్టఫ్ ఫ్రీ. ముగ్గురికీ 1,860 అయింది, ఇంకో యాభై టిప్పిస్తే ఆయన మొహమాటపడ్డాడు. మావాడేమో "ఇది మామూలు బార్ బావా, రేపు చూపిస్తా అసలుది" అన్నాడు.

చూపించాడు.

పేరు రాయను. సిరిపురం, బీచ్ రోడ్డు మధ్యలో ఎక్కడో ఉంది అనుకోండి, ఇన్‌స్టాలో రీల్స్ చూస్తే గోవాలో ఉన్నామేమో అనిపిస్తుంది. పొద్దున్నే ఫోన్ చేసి అడిగాడు మావాడు. జంటకి 2,000, ఒంటరి మగాళ్లకి తలకి 1,500, ఈ కవర్, అంటే గేటు దగ్గర ముందే కట్టే ఎంట్రీ డబ్బులన్నీ బిల్లులో తగ్గిస్తాం సార్ అన్నారంట. 5,000కి నలుగురూ తిని తాగొచ్చు, పర్లేదు అనుకున్నాం. గాజువాక నుంచి క్యాబ్ 390. నేనూ ఒక గ్లాసు ముట్టుకునే రాత్రి కాబట్టి ఇంట్లో ఉన్న కారు తియ్యలేదు, వీకెండ్ రాత్రి ఆ రోడ్ల మీద పోలీసుల గొట్టంలో ఊదే సరదా ఎవరికైనా ఉంటే మీ ఇష్టం.

గేటు దగ్గర బౌన్సర్ మమ్మల్ని చూసి వేళ్లతో లెక్కపెట్టాడు. ఒక లేడీ, ముగ్గురు జెంట్స్, కుదరదు అన్నాడు. పొద్దున ఫోన్‌లో ఒప్పుకున్నారు కదా అంటే ఫోన్‌లో ఎవరితో మాట్లాడారో మాకు తెలీదు అంటాడు. పది నిమిషాలు ఫుట్‌పాత్ మీద నిలబెట్టాడు, మా ఆవిడ పట్టుచీర కాదుగానీ పట్టుచీరంత శ్రద్ధగా ఇస్త్రీ చేసుకున్న కుర్తా వేసుకొచ్చింది పాపం, ఆ పది నిమిషాల్లో నావైపు ఒక్కసారి కూడా చూళ్లేదు. తర్వాత లోపల్నుంచి ఎవరో వచ్చి "సరే పంపించు" అన్నారు. 5,000 అక్కడే స్కాన్ చేయించుకుని చేతికి కాగితం బ్యాండ్లు కట్టారు, తిరుపతిలో రూమ్ తాళం కూడా ఇంత కష్టపడి ఇవ్వరు.

లోపల సౌండ్ గురించి అడక్కండి. పాట ఏదో అర్థం కాదు, గుండె ఏదో అర్థం కాదు. డాన్స్ ఫ్లోర్ మా హాలంత ఉంది, అందులో పుట్టినరోజు బ్యాచ్ ఒకటి కేకు పూసుకుంటోంది. మా ఆవిడ చెవిలో అరిచింది, "ఏవండీ, దీనికన్నా మా వీధిలో గణపతి నిమజ్జనం నయం." కరీంనగర్ కుర్రాడు మాత్రం మర్యాదస్తుడు, "మంచిగున్నదన్నా" అంటూనే ఉన్నాడు, మొహం చూస్తే ఉన్నట్టు లేదు.

తిండి సంగతి. అపోలో ఫిష్ 595, ఎనిమిది ముక్కలు, లెక్కపెట్టాం. చేప ఏదని అడిగితే బాసా సార్ అన్నాడు. కిటికీ అవతల బంగాళాఖాతం కనిపిస్తోంది, అంత పెద్ద ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊరు, అక్కడ కూర్చోబెట్టి ఎక్కడో చెరువులో పెంచి ఐసులో పెట్టి తెచ్చిన బాసా పెట్టారు. వేసవిలో వెళ్లి ఉంటే సరేలే అనుకునేవాణ్ని, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం కాబట్టి మంచి చేప దొరకడం కష్టమే. కానీ మేం వెళ్లింది ఆగస్టులో! చిల్లీ చికెన్ 495, తియ్యగా ఉంది. పీనట్ మసాలా 245, అంటే గుప్పెడు పల్లీలు, దాని మీద ఉల్లిపాయ.

పదింపావుకి బిల్లు తెమ్మన్నాం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, మీకూ పనికొస్తుంది.

చిన్న బీర్లు ఐదు, ఒక్కోటి 420 చొప్పున 2,100. మా ఆవిడ మాక్‌టెయిల్ 380, ఫ్రెంచ్ ఫ్రైస్ 285, నీళ్ల బాటిళ్లు రెండు 240, పైన చెప్పిన మూడు ప్లేట్లతో కలిపి తిండి, నీళ్లు 2,240. మొత్తం 4,340. దాని మీద సర్వీస్ ఛార్జి పది శాతం 434. ఆ మొత్తం మీద జీఎస్టీ ఐదు శాతం 238.70. టోటల్ 5,012.70. కవర్ 5,000 పోతే పన్నెండు రూపాయల డెబ్బై పైసలు ఇవ్వాలి కదా, మావాడు అప్పటికే జేబులోంచి ఇరవై నోటు తీశాడు కూడా. సర్వరు "ఇంకా 2,912 సార్" అన్నాడు. ఏంటయ్యా అంటే కవర్ డబ్బులు మందు మీదే తగ్గుతాయి, తిండి మీద తగ్గవంట. అంటే 2,100 తగ్గించి, మిగిలిన 2,900 గాల్లో కలిపేశారు. మెనూ వెనక అట్ట మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది, టార్చి వేసి చూపించాడు.

దాని మీద నేనేం చెయ్యలేకపోయాను, నిజం ఒప్పుకోవాలి. ఫోన్‌లో నోటిమాటగా చెప్పించుకోవడం మా తప్పు, మీరెవరైనా వెళ్తే "కవర్ తిండి మీద కూడా తగ్గుతుందా, ఎన్ని గంటల దాకా" అని వాట్సాప్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. నీళ్ల మీద కూడా గొడవ పెట్టుకోలేదు, హోటళ్లు బాటిల్‌ని ఎమ్మార్పీకే అమ్మాలన్న రూల్ లేదని 2017లో సుప్రీంకోర్టే చెప్పేసింది, మామూలు ఫిల్టర్ నీళ్లు అడిగితే సరిపోయేది.

కానీ మిగతా రెండూ వదల్లేదు. సర్వీస్ ఛార్జి మన ఇష్టం. వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే బిల్లులో దానంతటదే కలపకూడదని రూల్ పెట్టింది, రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ రూలే కరెక్టంది. ఇక జీఎస్టీ. మందు అసలు జీఎస్టీ కిందకే రాదు, బీరు మీద జీఎస్టీ వెయ్యడమేంటి? నేను అకౌంట్స్ లో పనిచేస్తాను, పీతల పులుసైనా వదులుకుంటాగానీ తప్పు బిల్లు వదల్ను.

మేనేజర్ వచ్చాడు. మొదట "సిస్టమ్ జనరేటెడ్ సార్" అన్నాడు. మా బావమరిది గొంతు లేచింది, ఇలాంటప్పుడు వాణ్ని ఆపడం నా పని, బౌన్సర్లు దగ్గరకొచ్చారు, కరీంనగర్ కుర్రాడు "అన్నా, సప్పుడు జెయ్యక కట్టి పోదాం, లొల్లెందుకు" అంటూ పర్సు తీస్తున్నాడు. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మా ఆవిడ ఫోన్ స్పీకర్‌లో పెట్టి 1915 నొక్కింది. వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ టైముకి అవతల ఎవరైనా ఎత్తేవాళ్లో లేదో గానీ నంబరు చూడగానే మేనేజరు "మేడమ్ మేడమ్, ఒక్క నిమిషం" అని బిల్లు పట్టుకెళ్లాడు. రెండో బిల్లులో సర్వీస్ ఛార్జి లేదు, జీఎస్టీ తిండి మీదే 112. కట్టాల్సింది 2,352. 560 రూపాయల డెబ్బై పైసలు మిగిలాయి. మొత్తం మీద 7,352 వదిలింది, ఆకలి అలాగే ఉంది.

ఆటో ఎక్కి ఆర్కే బీచ్‌కొచ్చాం, వంద అన్నాడు, ఇచ్చేశాం. పదిన్నర దాటింది, బజ్జీల బళ్లు సగం సర్దేశారు. ఆ గాలి తగలగానే మా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ముందు నడిచేసింది, అంటే కోపం తగ్గినట్టు లెక్క. సబ్‌మెరైన్ మ్యూజియం మూసేసి ఉంది, బయట నుంచే చూపించాం. "గది నిజం సబ్‌మెరైనా అన్నా?" అన్నాడు కుర్రాడు. నిజందే, కుర్సుర, 1969 నుంచి ముప్పై ఏళ్ల పైన నేవీలో తిరిగి, 2002లో ఇలా ఒడ్డున మ్యూజియం అయింది. మావాడు చిన్నప్పుడు స్కూలు నుంచి వెళ్లి లోపల ద్వారానికి తల కొట్టుకున్న కథ మళ్లీ చెప్పాడు, పెళ్లయ్యాక నేను వినడం ఇది ఆరోసారి.

కాస్త అవతల ఒక చేపల బండి ఇంకా వెలుగుతోంది. యాభై ఏళ్లావిడ, ముక్కుకి రెండువైపులా పుడకలు, మూకుడు కింద మంట తగ్గిస్తోంది.

"ఏటున్నాయమ్మా?"

"రెండే ముక్కలున్నాయి బాబూ వంజరం, నెత్తళ్లు ఓ పళ్లేనికొస్తాయి. ఈ యేలప్పుడొస్తే ఏటుంటాది?"

వంజరం ముక్క 120, నెత్తళ్లు 80. మసాలా ముందే పట్టించి ఉంది, నూనెలో వేస్తే ఆ చప్పుడుకే నోరూరింది. కుర్రాడు నెత్తళ్లు చూసి భయపడ్డాడు, "ముళ్లుంటయి కదమ్మా" అన్నాడు.

"ముల్లేటి బాబూ, తలకాయతో సహా నమిలీడమే."

నమిలాడు. తర్వాత ఆ పళ్లెం మాకెవ్వరికీ అందలేదు. వంజరం రెండు ముక్కలు ముగ్గురం పంచుకున్నాం, వేడికి వేళ్లు కాలాయి, ఉల్లిపాయ నిమ్మకాయ ఎన్నిసార్లడిగినా విసుక్కోకుండా పెట్టింది. పక్క బండి మీద మిగిలిన మురీ మిక్చర్ ఒక పొట్లం 40. 360 రూపాయలు, సర్వీస్ ఛార్జి లేదు, సర్వీస్ ఉంది. సముద్రంలోకి మాత్రం దిగనివ్వలేదు నేను, ఆర్కే దగ్గర అలలు నమ్మకూడదు, అందులోనూ రాత్రి, కడుపులో రెండు బీర్లున్నాయి.

తిరుగు క్యాబ్ 610, మనసొప్పలేదు గానీ ఆ టైములో వేరే దారి లేదు. మధ్యలో కుర్రాణ్ని ద్వారకానగర్‌లో అతని లాడ్జి దగ్గర దింపేశాం. ఇంట్లో ఉండమంటే మొహమాటపడి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర 1,650కి తీసుకున్న రూమ్ అది, దుప్పటి శుభ్రం, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది, అంతకు మించి చెప్పడానికి లేదు.

ఆదివారం సాయంత్రం వాళ్లిద్దరికీ గోదావరి ఎక్స్‌ప్రెస్. మధ్యాహ్నం అత్తగారు ఎంత బతిమాలినా కుర్రాడు సగం అన్నంతో లేచాడు, ఏంటా అనుకున్నాం. నాలుగింటికి స్టేషన్‌కి పోకుండా మావాణ్ని తీసుకుని బీచ్‌కెళ్లాడంట. చేపల బండావిడ అప్పుడే పొయ్యి వెలిగిస్తోంది, ట్రైన్ టైము దగ్గర పడుతుంటే పక్కనే నిలబడి రెండు పళ్లేల నెత్తళ్లు పార్శిల్ కట్టించుకున్నాడు. ఒకటి తనకి, ఒకటి హైదరాబాద్‌లో రూమ్మేట్లకి అన్నాడంట. మేం రాజమండ్రి దాకా వాళ్ల బోగీలోనే వెళ్లాల్సింది, పిల్లాడికి జలుబు చేసి ఆగిపోయాం. తుని దాటాక మావాడి మెసేజ్ వచ్చింది: "బావా, రూమ్మేట్ల పొట్లం కూడా అయిపోయింది."