నెల్లూరులో ఓట్స్-శనగల కుకీల క్లాసు: 1200 పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తా, క్లాసు బాగుంది, కుకీలు ఇంకా బాగున్నయి, కానీ అక్కడ చెప్పే ఆరోగ్యం కబుర్లు మాత్రం సగానికి సగం తగ్గించుకుని వినండి. 5కి 3.5 ఇస్తా. ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో కింద రాశా, ఓపికుంటే చదవండి.

మాగుంట లేఅవుట్ వైపు ఒక మేడమ్ ఇంట్లోనే నడుపుతారు ఈ బేకింగ్ క్లాసు. పేరు పెట్టట్లా, కొన్ని మాటలు గట్టిగానే అనాల్సొస్తది కాబట్టి. పొద్దున 10 నుంచి 2 దాకా ఒక్క పూట, ఫీజు 1200, ఎనిమిది మందికి మించి తీసుకోరు, అది నాకు బాగా నచ్చింది ఎందుకంటే ఇంతకుముందు వేరే ఊళ్ళో ముప్పై మందిని కూర్చోబెట్టి దూరం నుంచి చూపించే క్లాసుకి పోయి విసుగొచ్చింది, ఇక్కడ అట్ట కాదు, పిండిలో చెయ్యి పెట్టాల్సిందే. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం "నో మైదా, నో షుగర్, హై ప్రోటీన్, కొలెస్ట్రాల్ తగ్గించే కుకీలు" అని పెట్టారు. ఈ నాలుగింట్లో మొదటిది నిజం. మిగతా మూడింటి సంగతి తర్వాత చెప్తా.

మొదటి అరగంట అసలు పొయ్యి దగ్గరికే పోలా. ఆమె సూపర్ మార్కెట్లో దొరికే రకరకాల ఓట్స్ బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చి మా ముందు పడేసి "ముందు వైపు చూడబాకండి, వెనక తిప్పి చదవండి" అంది. మన దేశంలో ప్యాకెట్ మీద రాసే పదార్థాలు బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత అనే వరసలోనే రాయాలి, అది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే మన దేశపు ఆహార భద్రత సంస్థ, పెట్టిన రూలు. చూస్తే కొన్నింట్లో మొదటి పేరు గోధుమ పిండే, అదీ రిఫైన్డ్ అంటే మైదానే, తర్వాత చక్కెర, తర్వాత పామాయిల్, ఓట్స్ యాడో నాలుగో చోటో ఐదో చోటో. ముందు వైపు మాత్రం ఓట్స్ కంకి బొమ్మ ఇంత పెద్దది. ఈ అరగంటకే నా ఫీజులో సగం వసూలయ్యిందనిపించింది, నిజంగా.

ఇంక అసలు విషయం శనగలు. ఓట్స్ కుకీ అంటారు గానీ ఈ కుకీని నిలబెట్టేది శనగలే అని నా అభిప్రాయం. మామూలు కుకీలో వెన్న, మైదా చేసే పనిలో చాలా భాగం ఇక్కడ ఉడికించిన శనగల ముద్ద చేస్తది. మెత్తదనం ఇస్తది, తడి పట్టి ఉంచుతది, పీచూ కొంచెం ప్రోటీనూ వస్తయి. మేడమ్ వాడింది తెల్ల శనగలు, కాబూలీవి. మా అత్తగారిది ఒంగోలు అవతల పల్లె, మా మామ శనగ వేస్తారు, జేజీ-11, కాక్-2 అంటూ ఇంట్లో ఎప్పుడూ ఆ శనగ రకాల మాటలే, ధర లేక కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పడుండడం కూడా చూసినోళ్ళమే, కాబట్టి మేడమ్ డబ్బాలో వచ్చే ఉడికించిన శనగలు ఆన్‌లైన్లో తెప్పించుకోండి అంటుంటే నాకు నవ్వొచ్చింది. ప్రకాశం జిల్లాలో కాక్-2 తెల్ల శనగలు పండుతుంటే డబ్బా శనగలేంది? అడిగా కూడా. "మీకు దొరికితే అవే వాడండమ్మా, ఇంకా మంచిది" అంది, పాపం వాదించలా.

శనగల్లో ఆమె నేర్పించిన పద్ధతి మాత్రం గట్టిది. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కుక్కర్లో వేలితో నొక్కితే మెదిగిపోయేంత ఉడికించాలి, కూరకి ఉడికించినట్టు పలుకు ఉండకూడదు. తర్వాత నీళ్ళు వడగట్టి, ఆ నీళ్ళు దాచి, శనగల్ని గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఈ ఆరబెట్టే పని ఏ వీడియోలోనూ సరిగ్గా చెప్పరు, మన నెల్లూరు గాలిలో ఉండే తేమకి అది మానేస్తే కుకీ లోపల పచ్చిగా జిగటగా ఉండిపోద్ది. పొట్టు తీస్తే ముద్ద నున్నగా వస్తది, తీయకపోయినా రుచికేం నష్టం లేదు. మిక్సీలో నీళ్ళు పొయ్యకుండా ఆపి ఆపి తిప్పాలి. దాచిన ఆ శనగనీళ్ళు చిక్కగా ఉంటే మూడు టేబుల్ స్పూన్లు ఒక గుడ్డుకి బదులు పనికొస్తయి, గుడ్డు ముట్టనోళ్ళకి బో ఉపయోగం. బయట దేశాల్లో దీనికి 2015లో ఆక్వాఫాబా అని పేరు కూడా పెట్టేశారు, మనం రోజూ సింకులో పోసేదానికి!

ఒకమ్మాయి అడిగింది, రాజ్మాతో చేయొచ్చా అక్కా, నానబెట్టి పచ్చిదే రుబ్బి కలిపేస్తే ఓవెన్లో ఎట్టాగూ ఉడుకుద్ది గదా అని. ఇక్కడ మేడమ్‌కి దండం పెట్టాలి, గట్టిగా వద్దని చెప్పింది. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అని ఒక రకం ప్రోటీన్ ఉంటది, సరిగ్గా ఉడక్కపోతే వాంతులు విరేచనాలు పట్టుకుంటయి, కుకీ ఓవెన్లో ఉండేది పావుగంటే, ఆ వేడి లోపలికి చాలదు. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కర్లో మెత్తగా ఉడికించాకే వాడాలి. అలసందలైనా ఉడికించే వాడాలి, వాటితో వాసన కొంచెం తేడాగా ఉంటది, దాల్చిన చెక్క పొడి ఇంకాస్త వేసుకుంటే సర్దుకుంటది.

కొలతలు రాసుకున్నా, ఇక్కడ పెట్టేస్తున్నా, ఇందులో రహస్యమేం లేదు. రోల్డ్ ఓట్స్ (అటుకుల్లాగా నొక్కినవి) 200 గ్రాములు, ఉడికిన శనగలు 150, గింజ తీసిన ఖర్జూరం 120, కిస్‌మిస్ 50, పల్లీల వెన్న 60, గుడ్డు ఒకటి, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, ఉప్పు చిటికెడు, దాల్చిన చెక్క పొడి. ఓట్స్ ముందు పెనం మీద సన్న మంటకి కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి, ఇది మానేస్తే ఆ పచ్చి వాసన అట్టాగే ఉంటది. రెండు నిమిషాల్లో ఉడికే ఇన్‌స్టంట్ ఓట్స్ వేస్తే కుకీ మొత్తం పిండి పిండిగా అయిపోద్ది, స్టీల్ కట్ (గింజని ముక్కలుగా కోసినవి) వేస్తే పళ్ళకి రాళ్ళు తగిలినట్టే, రోల్డ్ ఒక్కటే సరిగ్గా ఉంటది. ఖర్జూరం గట్టిదైతే వేణ్ణీళ్ళలో పది నిమిషాలు, కిస్‌మిస్ కూడా కొంచెం నానితేనే మేలు, లేకపోతే అవి ఓవెన్లో మాడి చేదొస్తయి. అన్నీ కలిపి అరగంట పక్కన పెడితే ఓట్స్ తడి పీల్చుకుని ముద్ద చేతికి అంటకుండా వస్తది. వీటిని వెన్న కుకీల్లాగా ఓవెన్లో వదిలేస్తే తమంతట తామే పరుచుకోవు, ఏ ఆకారంలో పెడితే ఆ ఆకారంలోనే ఉంటయి, కాబట్టి ముందే వత్తుకోవాలి.

ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, 175 డిగ్రీల్లో పది నిమిషాలు ముందు వేడి చేసి, పైదీ కిందదీ రెండు రాడ్లూ ఆన్‌లో పెట్టి, పద్నాలుగు పదిహేను నిమిషాలు. తీసినప్పుడు మెత్తగానే ఉంటయి, భయపడి ఇంకా పెట్టబాకండి, చల్లారాక గట్టిపడతయి. ఇంట్లో ఓటీజీ డయల్‌ని నమ్మొద్దు, లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొనుక్కోండి అని చెప్పింది, మంచి సలహా. కరెంటు బిల్లు గురించి ఒకామె భయపడింది గానీ 1500 వాట్ల ఓటీజీ పాతిక నిమిషాలు తిరిగితే ఒక్క యూనిట్ కూడా కాదు, అర యూనిట్ మీద కొంచెం, అంతే.

రుచి సంగతి. కరకరలాడే బిస్కెట్ అనుకుని పోతే నిరాశ పడతారు. పైన పల్చగా గట్టి పొర, లోపల మెత్తగా, నోట్లో సున్నుండకి దగ్గరగా ఉంటది. శనగ వాసన అస్సలు తెలియలా, మా వాడికి చెప్పకుండా పెట్టా, తిన్నాక "దీంట్లో ఏముంది మా" అని అడిగాడు, శనగలు అంటే నమ్మలా. మా అత్త మాత్రం ఒకటి తిని "తియ్యన తక్కువయ్యింది" అని తేల్చేసింది. ఒంగోలు నేతి మైసూర్‌పాకు తిని పెరిగిన మనిషి గదా, ఆమె లెక్క వేరు.

ఇప్పుడు గొడవ. "నో షుగర్". బెల్లం, చక్కెర వెయ్యలా, నిజమే. కానీ ఖర్జూరంలో 100 గ్రాములకి దాదాపు 65 గ్రాములు చక్కెరే, కిస్‌మిస్‌లోనూ 60కి అటు ఇటు. పై కొలతకి మొత్తం 108 గ్రాములు దాకా వస్తది. మాకు 22 కుకీలు వచ్చినయి, ఒక్కోటి 25 గ్రాములు, అంటే ఒక్కో కుకీలో సుమారు 5 గ్రాములు, ఒక టీస్పూను చక్కెర అన్నమాట. పీచుతో కలిసి ఉంది కాబట్టి ఉత్త చక్కెర కంటే మేలు, ఒప్పుకుంటా. కానీ క్లాసులో ఒక పెద్దావిడ "షుగరుండే వాళ్ళం తినొచ్చా అమ్మా" అని అడిగితే "ఎన్నైనా తినండి పెద్దమ్మా, ఇందులో షుగరే లేదు" అనడం మాత్రం చాలా తప్పు, నాకు అక్కడే ఒళ్ళు మండింది. బయటికొచ్చేటప్పుడు ఆ పెద్దావిడకి చెప్పా, ఒకటి తిని గ్లూకోమీటర్‌లో చూసుకోండి, డాక్టర్ని అడగండి అని.

హై ప్రోటీన్ కూడా అంతే. లెక్కేస్తే ఒక్కో కుకీలో మూడు గ్రాములకి కొంచెం తక్కువ. కోడిగుడ్డు ఒకటి తింటే ఆరు. మైదా బిస్కెట్ కంటే మెరుగు అనండి, ఎవరూ కాదనరు, జిమ్ముకి పోయే కుర్రాళ్ళకి ప్రోటీన్ కుకీ అని అమ్మితే మాత్రం నవ్వుతారు.

కొలెస్ట్రాల్ మాట ఇంకా తమాషా. దానికి ఆధారం లేకపోలా. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అని జిగురుగా ఉండే పీచు ఉంటది, రోజుకి 3 గ్రాములు తింటే గుండె జబ్బు ముప్పు తగ్గొచ్చు అని ప్యాకెట్ మీద రాసుకోడానికి అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 1997లోనే ఒప్పుకుంది. కానీ 200 గ్రాముల ఓట్స్‌లో ఉండేది 8 గ్రాములు అటు ఇటుగా, దాన్ని 22 కుకీలకి పంచితే ఒక్కోదాంట్లో అర గ్రాము కూడా లేదు. ఆ 3 గ్రాములు రావాలంటే ఎనిమిది కుకీలు తినాలి, దాంతోపాటు 40 గ్రాముల చక్కెర, దాదాపు 700 క్యాలరీలు. దానికంటే పొద్దున్నే ఓట్స్ ఉప్మా చేసుకు తినొచ్చు గదా! ఇది అడిగితే మేడమ్ "అంత లెక్కలు వేస్తే ఏమీ తినలేం లేమ్మా" అని నవ్వి తప్పించుకుంది.

నిలవ గురించి కూడా ఆమె మాటతో నేను ఏకీభవించను. బయట డబ్బాలో రెండు వారాలు ఉంటయంట. శనగల తడి ఉన్న కుకీ మన ఎండల్లో, ఈ ఉక్కలో రెండు వారాలు యాడుంటది? బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం, అంతకుమించి వద్దు. పిండి ఉండలు చేసి డీప్ ఫ్రీజర్లో పెట్టుకుని కావాల్సినప్పుడు నాలుగు కాల్చుకునే పద్ధతి బాగుంది, అది ఆమె చెప్పిందే.

ఇంకోటి, చివరి అరగంట మొత్తం అమ్మకమే. సిలికాన్ మ్యాట్, కొలత కప్పులు, స్పాచులా అన్నీ కలిపి కిట్టు, బయట రేటు కంటే బాగా ఎక్కువ. ఆమె కలిపేది మాత్రం ఉదయగిరి చెక్క గరిటెతో, మనకి అమ్మేది సిలికాన్ స్పాచులా! నేను ఏమీ కొనలా, ఎవరూ బలవంతం చెయ్యలా, కాకపోతే ఆ టైములో కుక్కర్లో ఉప్పు పోసి కాల్చే పద్ధతి చూపించి ఉంటే ఓవెన్ లేనోళ్ళకి పనికొచ్చేది, సగం మంది దగ్గర ఓటీజీ లేదు ఆ రోజు. ఆమె ఇవే కుకీలు 250 గ్రాముల డబ్బా 280కి అమ్ముద్ది. స్టోన్‌హౌస్‌పేటలో సామాన్లు తెచ్చుకుని ఇంట్లో చేస్తే అర కేజీ పైన వస్తయి, నాకు 160 రూపాయల దాకా అయ్యింది, గింజ తీసిన మంచి ఖర్జూరం కాబట్టి అంత, మామూలుదైతే ఇంకా తగ్గుద్ది.

ఓట్స్ బదులు జొన్న అటుకులు వెయ్యొచ్చా అని ఒకామె అడిగితే సరిగ్గా జవాబు చెప్పలా. నేను ఇంట్లో సగం ఓట్స్ సగం జొన్న అటుకులు వేసి చూశా, రుచి బానే ఉంది, కానీ ఓట్స్‌కి ఉండే జిగురు లేక అంచులు రాలినయి, ఖర్జూరం ముద్ద ఇంకొంచెం కలిపితే నిలబడింది. మొత్తం జొన్న అటుకులతో మాత్రం చెయ్యబాకండి.

పోవాలనుకునే వాళ్ళకి: పల్లీలు పడనోళ్ళు ముందే చెప్పండి, పల్లీల వెన్న అన్నింట్లో ఉంటది. బండి పెట్టుకోడానికి చోటు ఇరుకు, కారుతో పోతే కష్టం. ఏసీ లేదు, ఓవెన్ పక్కనే నిలబడాలి, మే నెలలో మాత్రం వద్దు. మధ్యాహ్నం భోజనం పెట్టరు, మనం చేసిన కుకీలూ టీ అంతే, ఇంట్లో తినిపొండి. వచ్చే బ్యాచ్ రాజ్మా వేసి రాగి బ్రౌనీలంట, నేనింకా ఏమీ అనుకోలా, ముందే పోయినోళ్ళు ఉంటే దాంట్లో ఖర్జూరం ఎంత వేస్తందో కొలత చూసి కింద రాయండి, మిగతా లెక్క నేను వేసుకుంటా.