ఉద్దానానికి పింఛనా, వంశధార నీళ్లా?

శాసనసభలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మాటొస్తే, అక్కడ ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బుకి రెండు లెక్కలు వినిపిస్తాయి: డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను, వంశధార నీళ్లు నిలిపే హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్ల మంచినీటి పథకం.

పింఛను విలువ ఉద్దానంలోని కవిటి వాళ్లని అడగండి. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన చేతిని కొంగుతో కప్పుకుని, తెల్లారకుండానే ఆటో ఎక్కే మనిషికి దారిఖర్చూ అదే, మందులూ అవే. రాకపోతే ఒకటో తారీఖునే తెలిసిపోతుంది, నిలదీయొచ్చు.

నీళ్ల సంగతి అలా కాదు. జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు, బోరు నీళ్ల మీద అనుమానం మాత్రం పోలేదు. కుళాయి ఆగితే జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు. ఆ నష్టం ఏ రికార్డుకీ ఎక్కదు. పలాసలో 2023లో తెరిచిన 200 పడకల ఆసుపత్రి కూడా జబ్బు పడ్డాకే కదా అక్కరకొచ్చేది!

పింఛనులో రూపాయి తగ్గించకూడదు. కానీ మా ఎమ్మెల్యేలు సభలో పట్టుబట్టి అడగాల్సింది, ఏ ఊళ్లో ఎన్ని రోజులు కుళాయి వచ్చిందని.