పేస్‌మేకర్‌తో ప్రయాణాలు: ఎక్కడ నిశ్చింతగా ఉన్నాం, ఎక్కడ జాగ్రత్త పడ్డాం

మా ఆయనకు గుండె లయను సరిచేసే పేస్‌మేకర్ అనే చిన్న పరికరాన్ని ఛాతీలో పెట్టాక బంధువులంతా అడిగిన మొదటి మాట, "ఇక ఊళ్లు తిరగడం మానేస్తారా?" అని. మానలేదు. విమానం, రైలు, కారు, ఓడ, అన్నీ ఎక్కాం. ఇన్ని చోట్లు తిరిగాక నా అభిప్రాయం ఇది: పేస్‌మేకర్ ప్రయాణాన్ని బాగానే తట్టుకుంటుంది. వెళ్లే చోట దాని గురించి తెలిసిన మనుషులున్నారా, దాన్ని పరీక్షించగల ఆస్పత్రి ఎంత దూరంలో ఉంది అన్నవే అసలు చూసుకోవాల్సినవి.

అందుకే ఇప్పుడు బస వెతకడం హోటల్‌తో మొదలుపెట్టను, ఆస్పత్రితో మొదలుపెడతాను. గుండె డాక్టర్ ఉంటే చాలు కదా అనుకుంటారు చాలామంది. చాలదు. పేస్‌మేకర్ సెట్టింగులు చూడాలన్నా మార్చాలన్నా ప్రోగ్రామర్ అనే ప్రత్యేక యంత్రం కావాలి. మెడ్‌ట్రానిక్, అబాట్, బోస్టన్ సైంటిఫిక్, బయోట్రానిక్, ఇలా ఏ కంపెనీ ప్రోగ్రామర్ ఆ కంపెనీదే. ఒకదాని పేస్‌మేకర్‌ను ఇంకొకదాని యంత్రం చదవలేదు. కాబట్టి టికెట్లు కొనే ముందే పేస్‌మేకర్ కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, మేం వెళ్లే ప్రాంతంలో తమ పరికరాలను చూసే ఆస్పత్రులు ఏవో అడుగుతాను. వాటి ఫోన్ నంబర్లు ఇద్దరి పర్సుల్లోనూ కాగితం మీద రాసి ఉంటాయి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం పనికొస్తుంది.

ఈ లెక్కతోనే ఒకసారి సముద్రం ఒడ్డున ఉన్న అందమైన రిసార్ట్‌ను వదులుకున్నాం. అక్కడి నుంచి అలాంటి ఆస్పత్రికి వెళ్లాలంటే సగం రోజు ప్రయాణం. ఊరి మధ్యలో మామూలు హోటల్ తీసుకుని, పగలు సముద్రానికి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాం. గదిలోంచి చూస్తే ఎదురుగా గోడ తప్ప ఏమీ కనబడలేదు. అయినా రాత్రిళ్లు నాకు హాయిగా నిద్ర పట్టింది. ఆపరేషన్ అయ్యి అప్పటికి ఎన్నో నెలలు కాలేదు కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. ఏళ్లు గడిచి, చెకప్‌లన్నీ బాగున్నవాళ్లు రిసార్ట్‌నే ఎంచుకున్నా నేను తప్పు పట్టను.

ఎక్కువ టెన్షన్ పెట్టేది విమానాశ్రయంలో సెక్యూరిటీ దగ్గర. నిజానికి ద్వారంలా ఉండే మెటల్ డిటెక్టర్‌లోంచి మామూలు నడకతో వెళ్లిపోతే ఏమీ కాదు. దాని మధ్యలో నిలబడకూడదు, ఆనుకోకూడదు, అంతే. లోపలి పరికరం పైడబ్బా టైటానియంతో చేసినది కాబట్టి బీప్ మోగొచ్చు. మోగితే కంగారు పడక్కర్లేదు, పేస్‌మేకర్ ఉందని తెలిపే గుర్తింపు కార్డు చూపిస్తే సరిపోతుంది. చేతులెత్తి నిలబడే మిల్లీమీటర్ వేవ్ బాడీ స్కానర్ వల్ల కూడా ఇబ్బంది లేదు. జాగ్రత్త పడాల్సింది చేత్తో పట్టుకుని తిప్పే డిటెక్టర్‌తో. దాన్ని పేస్‌మేకర్ మీద పెట్టి ఉంచకూడదు, మళ్లీ మళ్లీ తిప్పకూడదు. చేత్తో తడిమి తనిఖీ చేయమని అడగొచ్చు.

ఈ సేవ అన్ని చోట్లా ఒకేలా లేదు. ఒక విమానాశ్రయంలో కార్డు చూపించగానే పక్కకు పిలిచి, కుర్చీ వేసి, తడిమే ముందు "ఏ వైపు ఉంది సార్?" అని అడిగారు. ఇంకోచోట సిబ్బంది కార్డు చదవకుండానే డిటెక్టర్‌ను ఛాతీ దగ్గరకు తెచ్చారు. మా ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, పేస్‌మేకర్ ఉందని చెప్పి పై అధికారిని పిలవమన్నారు. ఆయన వచ్చాక అంతా సవ్యంగానే జరిగింది. గొడవ పడక్కర్లేదు, మొహమాట పడకూడదు కూడా. భాష రాని దేశానికి వెళ్తుంటే, "గుండెకు పేస్‌మేకర్ ఉంది, చేతి డిటెక్టర్ దాని మీద పెట్టొద్దు" అన్న రెండు ముక్కలు ఆ భాషలో రాయించుకుని కార్డుతో పాటు ఉంచుకోవాలి. ఆ కాగితం మాకు చాలా చోట్ల సాయపడింది.

విమానంలో పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. సీటు బెల్టు పెట్టుకోవచ్చు. పెట్టించుకున్న కొత్తల్లో మాత్రం, డాక్టర్ సరే అనేదాకా, పేస్‌మేకర్ ఉన్న వైపు చేత్తో బ్యాగును తలపైన అరలోకి ఎత్తకూడదు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమంటారు. లోపల లీడ్, అంటే పేస్‌మేకర్ నుంచి గుండెకు వెళ్లే సన్నని తీగ, కదలకుండా కుదురుకోవడానికి ఆ సమయం కావాలి. మందులు చేతి సంచిలోనే ఉండాలి. సామాను తప్పిపోయిన రోజు దాని విలువ తెలుస్తుంది.

ఫోన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చొక్కా జేబులో ఫోన్ పెట్టుకోవడం మా ఆయనకు ఎప్పటి నుంచో అలవాటు. అది పూర్తిగా మాన్పించాను. ఫోన్ పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఐఫోన్ 12 నుంచి లోపల అయస్కాంతాలు ఎక్కువయ్యాయి. వైర్‌లెస్ చార్జింగ్ అవుతుంటే 30 సెంటీమీటర్లకు పైగా దూరం ఉంచమని యాపిల్ సంస్థే చెబుతుంది. అయస్కాంతం బాగా దగ్గరకొస్తే చాలా పేస్‌మేకర్లు గుండె సొంత చప్పుడును గమనించడం ఆపి, ఒకే స్థిరమైన వేగంతో కొట్టిస్తాయి. దాన్ని తీసేస్తే మళ్లీ మామూలవుతాయి. ఇయర్‌ఫోన్లు, అయస్కాంతంతో అతుక్కునే బ్యాడ్జీలు, వాచీ పట్టీలు కూడా ఛాతీకి దూరంగా ఉండాలి.

ఇది తెలిశాక హోటల్ గదిని చూసే పద్ధతే మారిపోయింది. మంచం పక్క బల్లలోనే వైర్‌లెస్ చార్జర్ బిగించి ఉంటే మా ఆయన్ని రెండో వైపు పడుకోమంటాను. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ బస బాగుంటుంది కానీ, అక్కడ ఇండక్షన్ స్టవ్ ఉంటే 60 సెంటీమీటర్ల దూరం పాటించాలి. వంట నేనే చేస్తాను, లేదా మామూలు స్టవ్ ఉన్న బస చూసుకుంటాం. ఒక హోటల్‌లో అయస్కాంత పరుపును గొప్పగా చెప్పి ఇవ్వబోయారు. మార్చమని అడగ్గానే మార్చారు, ఆ మర్యాదకు మంచి మార్కులే వేస్తాను. జిమ్‌లో ఒంట్లో కొవ్వు శాతం కొలిచే తూకం ఎక్కకూడదు, అది ఒంట్లోకి చిన్న కరెంటు పంపుతుంది.

ఓడ ప్రయాణం ఆయనకు చాలా నచ్చింది, నాకు అంతగా కాదు. ఓడలో డాక్టర్ ఉంటారు, ఈసీజీ తీస్తారు. కానీ సరైన ప్రోగ్రామర్ కావాలంటే ఒడ్డు చేరాలి. మళ్లీ వెళ్లాల్సి వస్తే రోజూ ఏదో ఒక రేవులో ఆగే ఓడనే ఎంచుకుంటాను.

ఒక ఊళ్లో మా ఆయనకు కళ్లు తిరిగాయి. ముందు దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్తే, పేస్‌మేకర్ ఉందా అని కూడా అడగకుండా ఎమ్మారై రాశారు. వద్దని నేనే ఆపాను. ఎమ్మారైకి అనువైన పేస్‌మేకర్లు ఇప్పుడు ఉన్నాయి. అయినా ముందు కార్డు చూడాలి, స్కాన్‌కు ముందు సెట్టింగ్ మార్చాలి, తర్వాత మళ్లీ సరిచేయాలి. ఇవేవీ లేకుండా నేరుగా తీసుకెళ్లకూడదు. అక్కడి నుంచి మా కాగితంలో ఉన్న ఆస్పత్రికి వెళ్లాం. టెక్నీషియన్ ఛాతీ మీద ప్రోగ్రామర్‌కు ఉండే వాండ్ అనే చిన్న చేతి పరికరం పెట్టి బ్యాటరీ, లీడ్లు, గుండె లయ రికార్డు అన్నీ చూశారు. పరికరం చక్కగా పనిచేస్తోంది. ఎండలో తిరిగి, నీళ్లు సరిగా తాగక బీపీ పడిపోయిందని తేలింది.

మా ఆయన భయం పోగొట్టడానికి అక్కడి డాక్టర్ ఒక సంగతి చెప్పారు. ఒంట్లో పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్ 1958లో స్వీడన్‌లో అర్నె లార్సన్ అనే వ్యక్తికి పెట్టారట. అది కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత ఎన్నోసార్లు మార్పించుకుంటూ ఆయన 2001 దాకా జీవించారు. ఇప్పటి వాటి బ్యాటరీ ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ కథ విన్నాక మా ఆయన ముఖంలో తేడా నాకు స్పష్టంగా కనిపించింది. మంచి వైద్యంలో ఇలా కూర్చుని మాట్లాడే ఓపిక కూడా ఒక భాగమని నేను నమ్ముతాను.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పేస్‌మేకర్ ఉన్న సంగతి తప్పకుండా రాయించాలి, దాచితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ఇంట్లో మంచం పక్కన ఉండి పేస్‌మేకర్ సమాచారాన్ని క్లినిక్‌కు పంపే రిమోట్ మానిటర్‌ను వెంట తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ క్లినిక్‌నే అడగండి. కొన్ని వేరే దేశాల్లో పనిచేస్తాయి, కొన్ని చేయవు. ప్రతి ప్రయాణానికి ముందు చివరి చెకప్ రిపోర్టు, సెట్టింగుల ప్రింటవుట్, పాత ఈసీజీ కాపీ తీసుకుంటాం. కళ్లు తిరిగిన రోజు ఆ డాక్టర్ ముందుగా అడిగింది ఆ ప్రింటవుటే.