కీళ్లవాతం వాళ్లకి అమ్మే మినరల్ ప్యాకేజీ: ఏ టెస్టుకి డబ్బు కట్టొచ్చు, దేనికి వద్దు

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకని ల్యాబులు ఇంటికొచ్చి రక్తం తీసే ప్యాకేజీలు అమ్ముతున్నాయి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్సార్, సీఆర్పీ (ఈ రెండూ ఒంట్లో వాపు ఎంతుందో చెప్పేవి), లివర్, క్రియాటినిన్ (కిడ్నీలకి చూసేది) ఒక సగం. జింకు, కాపర్, సెలీనియం, ఐరన్, విటమిన్ డి, హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం) ఇంకో సగం. మొదటి సగానికి పెట్టిన డబ్బు న్యాయమే. పేచీ అంతా రెండో సగంతోనే. (యూరిక్ యాసిడ్ కూడా కలిపేస్తుంటారు. అది గౌట్‌కి చూసేది, దీనికి కాదు.)

ట్యూబు దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. జింకు చూడాలంటే ముదురు నీలం మూత ట్యూబు కావాలి. మామూలు ట్యూబు రబ్బరు బిరడాలోని జింకు రక్తంలోకి దిగి అంకెను పెంచేస్తుంది. వచ్చిన మనిషి సంచిలో ఎర్ర, పసుపు, ఊదా మూతలే కనిపిస్తే జింకు వరకు వద్దనేయండి. సూది సరిగ్గా దిగక ఎర్రకణాలు చిట్లినా జింకు, పొటాషియం, మెగ్నీషియం లేనిపోని ఎక్కువ చూపిస్తాయి. ఊదా ట్యూబు ముందు నింపి పసుపుది తర్వాత నింపితే ఇంకో గొడవ. ఊదాలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ మందు రవ్వంత అంటుకున్నా పొటాషియం పైకి, కాల్షియం కిందికి పోతాయి. హోమోసిస్టీన్ ట్యూబుని ఐస్‌లో పెట్టి, గంటలోపు మెషిన్‌లో తిప్పి ప్లాస్మా వేరుచేయాలి. మధ్యాహ్నం దాకా బైకు మీద తిరిగొచ్చిన ట్యూబు రిపోర్టు చదవడం దండగ.

ఇవన్నీ సరిగ్గా జరిగినా అసలు చిక్కు రిపోర్టులో ఉంటుంది. కీళ్లలో వాపు రేగినప్పుడు కాలేయం జింకుని లోపలికి లాక్కుంటుంది, సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్‌ని ఎక్కువగా వదులుతుంది. రక్తంలో కాపర్ చాలామటుకు దాని మీదే ఎక్కి తిరుగుతుంది కాబట్టి జింకు కింద, కాపర్ పైన కనిపిస్తాయి. ఐరన్‌ని అదుపుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి రక్తంలో ఐరన్ పడిపోతుంది, ఫెరిటిన్ (ఐరన్‌ని నిల్వచేసే ప్రోటీన్) లేస్తుంది. తిండిలో లోటు లేకపోయినా రిపోర్టు ఇలాగే వస్తుంది. సీఆర్పీ లీటరుకి 20 మి.గ్రా. దాటితే జింకు అంకె పక్కన పెట్టేయాలి. సెలీనియం, విటమిన్ డి అయితే 10 దాటితేనే నమ్మలేం. ఇది చూడకుండా రిపోర్టు అడుగున ‘జింక్ లోపం, సప్లిమెంట్ వాడండి’ అని అచ్చు వేసే ప్యాకేజీ మంచిది కాదు. జింకు మాత్రలు పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే కాపర్ నిజంగానే పడిపోయి రక్తహీనత వస్తుంది.

కాల్షియం 8.2 అని ఎర్రగీత కనిపిస్తే పక్కనే ఆల్బుమిన్ (రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రోటీన్) చూడండి. అది 3.0 ఉంటే, దాన్ని 4 లోంచి తీసేసి 0.8తో గుణించి కాల్షియానికి కలపాలి: 9.0. గీత అక్కర్లేదన్నమాట. ఫెరిటిన్ లేకుండా సీరం ఐరన్ ఒక్కటే ఇస్తే ఆ టెస్టు లెక్కలోకి రాదు. వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ మామూలుగానే కనిపించినా, అది 100 లోపు ఉండి, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (ఐరన్‌ని మోసే ప్రోటీన్ ఎంతవరకు నిండిందనే లెక్క) 20 శాతం దిగువన ఉంటే ఐరన్ లోపాన్ని అనుమానించాల్సిందే. జుట్టుకని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు రెండు మూడు రోజుల ముందే ఆపాలి. కొన్ని మెషిన్లలో అది విటమిన్ డిని ఎక్కువ చేసి చూపిస్తుంది.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు వాడేవాళ్లయితే ప్యాకేజీ మానేసి సీబీసీ, లివర్, క్రియాటినిన్ విడిగా రాయించుకోండి. మొదటి మూడు నెలలు 2–4 వారాలకోసారి, తర్వాత 8–12 వారాలకోసారి. వారానికోసారి వేసుకునే ఆ మాత్ర పడిన మర్నాడు రక్తం ఇవ్వొద్దు, ఒకటి రెండు రోజులు ఏఎల్‌టీ (లివర్ టెస్టులో ఒక ఎంజైము) లేచి ఉంటుంది. మాత్ర పడే ముందురోజు ఇవ్వండి.