మా రాతి రోలు: పదేళ్ల వాడకం తర్వాత

గుంటూరు బ్రాడీపేటలో మాది మూడో అంతస్తు ఫ్లాట్. పదేళ్ల కిందట హైవే పక్కన రోళ్లు అమ్మేవాళ్ల దగ్గర 9 అంగుళాల వెడల్పున్న నల్లరాతి రోలు, చెక్క పచ్చడి బండ కొన్నాం. మిక్సీ ఉండగా ఇదెందుకని మావారు సణిగారు. ఇప్పుడు పచ్చడి మిక్సీలో వేస్తే మొదటి ముద్దకే పట్టేసేదీ ఆయనే.

కొన్న రోజే వాడేద్దామంటే కుదరదు. ముందు తవుడు, తర్వాత నానబెట్టిన బియ్యం వేసి నూరి పారబోయాలి. పిండిని వేళ్ల మధ్య రాస్తే ఇసుక తగలనంతవరకూ ఇదే పని. అమ్మేవాళ్లు 'కడిగేస్తే చాలమ్మా' అంటారు, నమ్మకండి.

రోలు విలువ తెలిసేది గోంగూర దగ్గరే. వేయించిన ఎండుమిర్చి, ధనియాలు, మెంతులు కల్లుప్పుతో దంచి, వెల్లుల్లి, ఆపైన నూనెలో మగ్గిన ఎర్ర గోంగూర వేసి నూరతాం. పచ్చి ఉల్లిపాయ ఆఖర్న. దానికి నాలుగు పోట్లు చాలు. చితకాలి, కానీ ముక్క పంటికి తగలాలి. నిమిషానికి 18,000 చుట్లు తిరిగే మిక్సీ బ్లేడుకు ఆ తేడా ఏం తెలుస్తుంది? అన్నిటినీ కోసి, వేడెక్కించి, పేస్టు చేసి పెడుతుంది.

పచ్చడి గిన్నెలోకి తీశాక అత్తయ్య రోలు కడగనివ్వరు. పొగలు కక్కే అన్నం అందులోనే వేసి, నువ్వుల నూనె పోసి, అంటుకున్నదంతా అన్నంతో తుడిచి కలుపుతారు. పండక్కి ఆడపడుచు వాళ్లొస్తే పెద్దా చిన్నా అందరూ వంటింట్లోనే చేతులు చాపి నిలబడతారు. మామయ్యగారు మాత్రం హాల్లోంచి కదలరు, "నా వాటా ఇటు పంపండర్రా" అని కేకేస్తారు. చిన్నాడు ముక్కు ఎగబీలుస్తూనే రెండో ముద్దకు వస్తాడు. పెళ్లి సంబంధాలు, ఎవరికీ చెప్పొద్దన్న సంగతులూ అన్నీ ఆ రోటి చుట్టూనే బయటపడతాయి. డైనింగ్ టేబుల్ దగ్గర అందరూ ఫోన్లు చూసుకుంటారు.

ఇక ఇబ్బందులు. చప్పుడు మొదటిది. రోట్లో తలపెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు గానీ, ఇక్కడ పోట్లు మావి, తలనొప్పి కింది ఫ్లాటు వాళ్లది. ఒకసారి పైకొచ్చి అడిగారు కూడా. అప్పట్నుంచి గోనెసంచి నాలుగు మడతలు వేసి దానిమీద పెడుతున్నాం, రాత్రిళ్లు దంచడం మానేశాం. సింకు దాకా మోయలేం కాబట్టి నీళ్లు పోసి గుడ్డతో తోడాలి. తడి వదిలేస్తే వాసన పట్టుకుంటుంది. పిల్లల స్కూలు టైముకు కొబ్బరి చట్నీ ఇప్పటికీ మిక్సీలోనే.

6 అంగుళాల బుల్లి రోళ్లు అల్లం, వెల్లుల్లికి సరిపోతాయి. పచ్చడికి పెడితే మిరపకాయలు ఎగిరి స్టవ్ కింద దొరుకుతాయి.

నా లెక్కలో పదికి ఎనిమిది. అద్దె ఇళ్లు తరచూ మారేవాళ్లకు మాత్రం వద్దనే చెబుతాను. సామాన్లు మోసేవాళ్లు దీన్ని చూడగానే రేటు పెంచేస్తారు.