టైడల్ సైకిల్స్: మాట తప్పని రాండమ్

టైడల్ అంటే కోడ్ రాసి సంగీతం వాయించే సాఫ్ట్‌వేర్. దాని పూర్తి పరిచయం, హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషకీ సంగీతానికీ ఏం సంబంధం, శబ్దం సూపర్‌కొలైడర్ అనే మరో సాఫ్ట్‌వేర్ నుంచి ఎలా వస్తుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నా. ఇన్‌స్టలేషన్ తలనొప్పి గురించి కూడా అందరూ చెప్పేశారు. కొన్నేళ్ళుగా నన్ను దీనికి కట్టిపడేసింది ఒక్కటే: ఇందులో రాండమ్ కూడా చెప్పిన మాట తప్పదు.

ఇక్కడ ప్యాటర్న్ అంటే సమయాన్ని తీసుకునే ఫంక్షన్. ఫలానా సైకిల్లో (తాళంలో ఆవర్తం లాంటిది) ఏముందని అడిగితే అక్కడ మోగాల్సినవి చెబుతుంది. రాండమ్ అంకెలిచ్చే రాండ్ కూడా అంతే, ఏ క్షణానికి ఏ అంకె అన్నది ముందే ఖాయం. కొన్ని దెబ్బల్ని రాండమ్‌గా తీసేసే డిగ్రేడ్‌బై 40వ సైకిల్లో వేటిని మింగిందో, రీసెట్‌సైకిల్స్ కొట్టి (సైకిళ్ళ లెక్కని మళ్ళీ మొదటికి తెచ్చి) విన్నా సరిగ్గా వాటినే మింగుతుంది. అనుకోకుండా కుదిరిన అందం చేజారిపోదు. వేరే సాఫ్ట్‌వేర్లలో అలా ఎన్ని పోగొట్టుకున్నానో!

అయితే ఒకరోజు హైహ్యాట్‌కీ చప్పట్లకీ, సైకిల్‌కి ఎనిమిదేసి దెబ్బలతో, విడివిడిగా డిగ్రేడ్‌బై 0.5 (అంటే సుమారు సగం దెబ్బలు మాయం) పెట్టాను. రెండూ ఒకేసారి మాయం, ఒకేసారి ప్రత్యక్షం. మధ్యలో సౌండ్ కార్డు ఆగిపోయిందా అన్నంత ఖాళీ. సమయం ఒకటే కాబట్టి రెండింటికీ అందే అంకె కూడా ఒకటే మరి. మెచ్చుకున్న గుణమే ఇలా అడ్డం తిరిగింది. రాండ్‌ని కాలంలో పక్కకి జరిపి వాడితే సమస్య పోతుంది కానీ, ప్రతి లేయర్‌కీ ఆ పని చేయడం విసుగే.

అప్పుడు దొరికింది అన్‌డిగ్రేడ్‌బై. చప్పట్లకి ఇది 0.5తో పెడితే, హైహ్యాట్ ఆగిన ప్రతిచోటా చప్పట్లు అందుకుంటాయి, అది మోగినచోట ఇవి నోరెత్తవు. ఒక్క పదం మార్చినందుకు రెండు వాయిద్యాలు మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఆ రాత్రి ఇంకేమీ చేయలేదు, వింటూ కూర్చున్నా.

పొగిడాను కదా అని ఇంకోటి దాచను. నేను వాడే వెర్షన్లో ఈ రాండమ్ 300 సైకిళ్ళకోసారి మళ్ళీ మొదటికొస్తుంది. డిఫాల్ట్ వేగంలో అది తొమ్మిది నిమిషాల లోపే. నావి చిన్న ముక్కలు, స్టేజీ ఎక్కను, కాబట్టి నాకు అడ్డు రాలేదు. గంటలకొద్దీ నడిచే ఆర్ట్ ఇన్‌స్టలేషన్ (గ్యాలరీల్లో పెట్టే ప్రదర్శన) చేసేవాళ్ళు మాత్రం చూసుకోవాలి. 'ఇందాక మూడుసార్లు మోగింది, ఇక ఆపు' లాంటి, గతాన్ని గుర్తుపెట్టుకునే సంగీతం కావాలన్నా ఇది అంత సులువుగా లొంగదు. ముందు రుచి చూడాలంటే టైడల్‌కి బ్రౌజర్లో నడిచే రూపమైన స్ట్రూడెల్ చాలు, అన్‌డిగ్రేడ్‌బై అందులోనూ ఉంది.