సర్కారు తుమ్మకు గడ్డపార మేలా, జేసీబీ మేలా?

చెరువును కమ్మేసిన ముళ్ల చెట్టు సర్కారు తుమ్మను తీయడానికి శ్రమదానం అనగానే ఎవరో ఒకరు అడుగుతారు: "ముప్పై మందిమి ఆదివారమంతా చెమటోడ్చే బదులు, తలా కొంత వేసుకుని జేసీబీ పెట్టిస్తే పోదా?" శిఖంలో, అంటే నీళ్లు నిలిచే చెరువు నేలలో అయితే పెట్టించండి. కట్ట మీద, అలుగు చుట్టూ, కాలువ గట్ల మీద మాత్రం గడ్డపారే మేలు.

సర్కారు తుమ్మ ప్రాణం కొమ్మల్లో లేదు, చెట్టు మొదలులో ఉంది. వేరూ కాండమూ కలిసే చోట, నేల లోపల, బెరడు కింద మొగ్గలు అణిగి ఉంటాయి. పైన కొట్టగానే అవి లేస్తాయి. ఒంటి మాను ఉన్నచోట ఏడాది తిరిగేసరికి గుబురు కంప తయారవుతుంది, దాన్ని తీయడం ఇంకా కష్టం. 1877లో కడప జిల్లా కమలాపురంలో జమైకా విత్తనం తెచ్చి వేసింది వంటచెరకు కోసం. వంటచెరకుకు పనికొచ్చిన ఆ చిగురించే గుణమే ఇప్పుడు చెరువుల్ని మింగుతోంది. అందుకే ఏ పద్ధతినైనా నేను ఒక్కటే అడుగుతాను: కోత ఆ మొగ్గల కింద పడిందా, లేదా?

గడ్డపారతో చేసేటప్పుడు చెట్టును నేలమట్టానికి కొట్టకండి, నడుమెత్తున కొట్టండి. మిగిలిన మొద్దును అటూ ఇటూ ఊపితే వేళ్లు వదులవుతాయి. చుట్టూ తవ్వి, పక్కవేళ్లు గొడ్డలితో తెంచి, తల్లివేరును కనీసం అడుగు లోతున నరకాలి. గడ్డపార మొన నుంచి అడుగు దూరంలో రంగుతో ఒక గీత గీసుకోండి. గుంత పూడ్చేముందు నరికిన వేరు మీద గడ్డపార నిలబెడితే ఆ గీత నేలమట్టం కంటే కిందే ఉండాలి. పైకి కనిపిస్తోందంటే ఇంకా తవ్వాలి. మణికట్టు లావు చెట్టుకు ఇద్దరికి పావుగంట పైనే పడుతుంది, తొడ లావైతే సగం పూట. పెన్సిల్ లావు మొలకలు వాన పడ్డ మర్నాడు చేత్తోనే వేరుతో సహా వస్తాయి. పిల్లలకు ఆ పని ఇవ్వొచ్చు, తోలు తొడుగులు వేసి.

జేసీబీ వేగం కాదనలేనిది. కానీ బకెట్‌తో పక్కనుంచి తోస్తే మాను నేలమట్టానికి విరిగి, మోడు లోపలే ఉండిపోతుంది. పైన చదును చేసేస్తారు కాబట్టి సాయంత్రానికి చెరువు అద్దంలా కనిపిస్తుంది. రెండు వానలకు వరసగా చిగుళ్లు. బకెట్ పళ్లు మొదలుకు రెండడుగుల దూరంలో దింపి, కింద నుంచి ఎత్తమని డ్రైవరుకు ముందే చెప్పండి. బాడుగ ఎకరం లెక్కన కాక గంట లెక్కన మాట్లాడండి. ఎకరం లెక్క అయితే తోసుకుంటూ పోవడమే అతనికి లాభం.

కట్ట మీద సమస్య వేరు. యంత్రం లాగిన వేరుతో బండెడు మట్టి లేస్తుంది. దాన్ని వదులుగా పూడిస్తే చెరువు నిండినప్పుడు నీరు అక్కడే దారి వెతుక్కుంటుంది. చేత్తో తవ్విన గుంత చిన్నది. బంకమట్టిని జానెడు జానెడు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసతో కొడితే గట్టిపడుతుంది. తొడ లావు చెట్లు కట్ట మీద ఉంటే ఇరిగేషన్ ఇంజనీరు వచ్చి చూసేదాకా వాటి వేళ్ల జోలికి వెళ్లొద్దు. పంచాయతీ తీర్మానం, ఇరిగేషన్ వాళ్ల రాతపూర్వక అనుమతి ఎలాగూ ముందే కావాలి.

మిగతా దారులకు పెద్ద చర్చ అక్కర్లేదు. కొట్టి వదిలేయడం బొగ్గు బట్టీలవాళ్లకు నప్పుతుంది, మళ్లీ కోతకొస్తుంది కనుక. చుట్టూ బెరడు ఒలిచినా కింద నుంచి చిగురేస్తుంది. చెట్టును చంపే మందు సంగతంటారా, చెరువులోవి ఊరు తాగే, చేపలు పెరిగే నీళ్లు. పైగా గ్లైఫోసేట్ అనే కలుపుమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (మందు కొట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లు) తప్ప ఇతరులు వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఆంక్ష పెట్టింది.

గొడ్డలి ఎత్తేముందు చెట్టును గుర్తుపట్టండి. తెల్లటి పొడవాటి ముళ్లు, పూసల దండలా నొక్కులు పడ్డ కాయ, పసుపుపచ్చ బంతుల్లాంటి పూలు ఉంటే అది మన నల్లతుమ్మ. జమ్మి ముల్లు పొట్టిగా ఉంటుంది. రెండింటినీ వదిలేయాలి. సర్కారు తుమ్మ పువ్వు వేలాడే కంకి, కాయ పండితే పసుపురంగు, గుజ్జు తియ్యన.

ఆ తీపి కోసమే మేకలు తింటాయి, పెంటికల్లో విత్తనం ఊరంతా చల్లుతాయి. నేలలో పడ్డ విత్తనం ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. కాబట్టి గడ్డపారైనా, జేసీబీ అయినా, కనీసం వచ్చే రెండు వానకాలాలు మళ్లీ వచ్చి మొలకలు పీకగలిగినంత జాగానే ఎత్తుకోండి. ఖాళీ అయిన చోట గరిక, వట్టివేరు, కట్ట వాలున ఈత పెట్టండి. నీడలో ఈ తుమ్మ మొలక ఎదగలేదు.

కట్టెలు పొయ్యిలోకి ఏరుకునే ఆడవాళ్లకు ముందురోజే కబురు పెట్టండి. కాయలున్న కొమ్మలు మాత్రం గట్టు దాటనివ్వకుండా వేరుగా కుప్పవేసి, కాయలు ఏరి కాల్చేయండి.